భట్టికి వేసిన బెల్టులు

అక్టోబరు 24, 1979

పోయిన డైరీని చెదలు చదివేశాయి. వాటికైనా నా తెలుగు నచ్చినందుకు సంతోషం. ఇంట్లో ఈ లిపి వచ్చింది నాకొక్కడికే. మా ఆవిడ చంద్రభాగ బడి మెట్లు ఎక్కలేదు, పిల్లలది మరాఠీ చదువు. పుస్తకం తెరిచి గుమ్మంలో పెట్టినా నాకు భయం లేదు.

ఈరోజు నాగనాథరావు పటేలు విలాయతీ కారు మా దుకాణం ముందు ఆగింది. ఆగింది అనకూడదు, నలుగురు తోసుకొచ్చి ఆపారు. బొంబాయిలో వేలంలో కొన్నాడట. రెండు వానాకాలాలు ఎవరి గోదాములోనో నానిందట. సీట్లు కుళ్లి కొబ్బరిపీచు బయటికొచ్చింది. ఇరవై ఏళ్లుగా మోటారు సీట్లు కుడుతున్నాను, ఇంత కంపు కొట్టే సీటును చూడలేదు.

ముందు సీట్లకు రెండు బెల్టులున్నాయి. మూడు వేళ్ల వెడల్పు. భుజం మీద నుంచి నడుము దాకా వచ్చి ఇనప కొక్కెంలో తగులుకుంటాయి. బురద, బూజు పట్టి ఏ రంగువో దేవుడికే తెలియాలి. పీకి పారేద్దామని పానా తీశాను. పటేలు గబగబా వచ్చాడు.

"అరే కాశీరాం, గవి తియ్యకు! గవే అసలు షాన్. నాందేడ్ల ఏ కారుకున్నయ్ చెప్పు?"

"మీరు కట్టుకుంటరా పటేల్ సాబ్?"

"కట్టుకునుడేంది, మనమేమన్న పిచ్చోళ్లమా? సూసెటోళ్లు సూడాలె. కొత్తయి లెక్క మెరవాలె."

సరే. మెరిపించడం మన ఇంటి విద్యే కదా.

అక్టోబరు 27

రెండు బెల్టులూ విప్పాను. కొక్కేలను కిరసనాయిల్లో నానబెట్టి చింతపండుతో తోమితే వెండిలా తేలాయి. పట్టీలతోనే వచ్చింది చిక్కు. కుంకుడు రసంలో ఒక పగలంతా నానబెట్టి పళ్ల బ్రష్షుతో రుద్దాను. నీళ్లు నల్లబడ్డాయి గాని పట్టీ రంగు మారలేదు. నాలుగుసార్లు నీళ్లు మార్చాను. అదే నలుపు. మొండిఘటం.

కొసలకు తుప్పు అంటిందని ముందే జానెడు జానెడు కత్తిరించి తుక్కు పెట్టెలో పడేశాను. ఒక పట్టీ అంచున చిన్న గుడ్డముక్క కుట్టి ఉంది, దాని మీద ఇంగ్లీషు. బొల్లి మచ్చలా కనబడుతోందని దాన్నీ విప్పేసి గుండీల డబ్బాలో వేశాను.

అక్టోబరు 29

భట్టి వేశాను.

చాకలి సంగన్న కొడుకును నేను. మా నాయన బతికినన్నాళ్లూ "బట్టన్నది ఏదైనా భట్టికి లొంగాలె" అనేవాడు. దొరల పట్టు కండువాలు, పోలీసుల ఖాకీ, పెళ్లి షామియానాలు, అన్నీ ఆయన రాగి బానలో ఉడికి తల వంచినవే. ఆ బాన ఇప్పటికీ పెరట్లో ఉంది. సోడా పోశాను, పిడికెడు చాలదని రెండు పిడికిళ్లు బ్లీచింగు పొడి వేశాను, పైన మూత పెట్టి కింద కట్టెలు ఎగదోశాను.

చంద్రభాగ వాసనకు ముక్కు మూసుకుంటూ వచ్చింది. "గవి నూలువి గావు గదా, గట్ల ఉడకవెట్టచ్చునా?" అంది.

"నువ్వు చాకలోడి కోడలివా, సాలోడి బిడ్డవా?" అన్నాను.

"నీ ఇష్టం. నీకు చెప్పెటోళ్లు పుట్టలే," అని పోయింది.

నిజమే, పుట్టలేదు. పొద్దుగూకేలోపు రెండుసార్లు బండ మీద బాదాను. భుజాలు లాగుతున్నాయి గాని ఎందుకో చాలా ఏళ్ల తర్వాత హాయిగా ఉంది.

అక్టోబరు 31

తెల్లగా వచ్చాయి. మా నాయన చూసి ఉంటే బాగుండేది.

నవంబరు 4

కాఫీ రంగు ఉడకబెట్టి అద్దకం వేశాను. గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. అంచులు చెదిరినచోట నూలుదారంతో రెండు వరుసలు కుట్టు వేశాను. పొడవు సమం చేస్తే మూరెడు ముక్క మిగిలింది, అది నాకు పనికొస్తుంది. ఈరోజు సీట్లతో సహా బిగించి కారు అప్పజెప్పాను. పటేలు బెల్టును రెండు వేళ్లతో నిమిరి, ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్లీ నిమిరాడు.

"కంపెనీవోడు సూస్తే ఏడుస్తడు కాశీరాం!"

మెచ్చుకుంటే ఉబ్బిపోయే రకం కాను అని ఎన్నోసార్లు రాసుకున్నాను. ఈరోజు ఉబ్బిపోయాను.

నవంబరు 9

పటేలు ఇంజను కూడా బాగుచేయించి కారు వేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు. తలుపు తీసి అందరికీ బెల్టులు చూపిస్తున్నాడట. బస్సుల యజమానుల సంఘంలో ఆయన మాటకు విలువుంది. ముప్ఫై బస్సుల సీట్ల పని నాకే ఇప్పిస్తానన్నాడు. ముప్ఫై బస్సులు! చంద్రభాగకు చెబితే ఆమె దేవుడి పటం వైపు చూసింది. నా వైపు చూడాల్సింది.

నవంబరు 14

ఆ మూరెడు ముక్కతో సైకిలు వెనక రెక్సిన్ చుట్ట కట్టుకుని వస్తున్నాను. వజీరాబాద్ దగ్గర గతుకు వచ్చింది. ముక్క పుటుక్కున తెగి చుట్ట రోడ్డు మీద దొర్లింది. వెనకాల టాంగావాడు నవ్వాడు. చుట్ట బరువు ఎంతని? మా చిన్నదాని బరువు కూడా ఉండదు.

నవంబరు 15

ఆ ముక్క ఎండలో పడి ఉంది కదా, అందుకే.

నవంబరు 18

గుండీల డబ్బాలో ఆ ఇంగ్లీషు గుడ్డముక్క కనబడింది. పక్కింటి విద్యావతి బాయి బడిలో ఇంగ్లీషు చెబుతుంది, ఆమెతో చదివించాలి. తీరిక లేదు.

నవంబరు 22

పటేలు డ్రైవరు మారోతి దుకాణానికి వచ్చాడు. హారన్ బాగుచేయించుకుని పోతూ చాయ్ తాగుదామని ఆగాడు. మామూలు కబుర్ల మధ్య అన్నాడు:

"నీ బెల్టు మస్తు పనికచ్చింది కాకా. మా పెద్దవ్వకు పక్షవాతం గదా, కుడి దిక్కు పడిపోయింది. సీట్ల కూసోవెడితె ఒరిగిపోతుండె. ఇప్పుడు ముందు సీట్ల కూసోవెట్టి బెల్టు ఏస్తున్నం. దావఖానకు గట్లనే తోల్కపోతున్న. పున్నం రద్దీ తగ్గినంక, వచ్చే నెల ఏడు తారీఖు మాహూరు దేవి దర్శనానికి పోతున్నం. ఘాట్ల గూడ ఇగ ఫికర్ లేదు."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఏమీ కానట్టు "మంచిదే" అన్నాను.

పెద్దవ్వ అంటే పటేలు తల్లి ఇందుబాయి. హిమాయత్‌నగర్ దగ్గర మా ఊళ్లో వాళ్ల బట్టలే మా నాయన ఉతికేవాడు. నాకు ఏడేళ్లప్పుడు మూట నెత్తిన పెట్టుకుని వాళ్ల వాకిట్లోకి పోతే, ఆమె మా నాయనను పిలిచి, "సంగన్నా, మూట మోసేటందుకు నీకు గాడిద ఉన్నది గదా. పోరన్ని బడికి తోలు," అంది. అంతే. ఆ ఒక్క మాటతో ధర్మాబాద్ తెలుగు బడిలో పడ్డాను. ఈ అక్షరాలు ఆమె పెట్టినవి.

నవంబరు 23

కారు మెల్లగా పోతుంది. ఆమె ఎంత బరువుంటుంది, గుప్పెడు. మారోతి జాగ్రత్తగా నడుపుతాడు. మూరెడు ముక్క తెగితే మొత్తం పట్టీ తెగాలని ఎక్కడుంది? అసలు నేను ఎందుకు ఇంత ఆలోచిస్తున్నాను?

నవంబరు 25

పటేలు ఇంటికి పోయాను. చెబుదామనే పోయాను. వసారాలో కుర్చీలో దిండ్ల మధ్య ఇందుబాయి కూర్చుని ఉంది. నోరు ఒకవైపు లాగింది గాని కళ్లు అవే కళ్లు.

"పటేల్ సాబ్, అవ్వను ఎనుక సీట్ల పండవెట్టి తోల్కపోతె మంచిగుంటది గదా," అన్నాను. దొంగలా నాలుక దానంతటదే పక్కకు తిరిగింది.

ఆయన కాదు, ఆమె జవాబిచ్చింది. మాటలు ముద్దగా వస్తున్నాయి, ఒక్కోటీ ఏరుకుని చెప్పింది.

"యాభై ఏండ్లు మాహూరు పోయిన కాశీ. కచ్చరం బండిల పర్ద ఎనుక కూసొని పోయిన. బస్సుల ఎవలదో ఈపు సూసుకుంట పోయిన. గుట్ట ఎదురంగ వచ్చుడు ఒక్కనాడు సూడలే. ఈసారి ముందు కూసుంట."

తర్వాత మంచి చెయ్యి ఎత్తి నా వైపు చూపించి కొడుకుతో అంది: "కాశీగాడు బాగుచేసిన బెల్టు. నాకేం భయం?"

చాయ్ ఇచ్చారు. తాగాను. వచ్చేశాను.

నవంబరు 26

చెప్పలేదు.

నవంబరు 28

మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికొచ్చాను. తుక్కు పెట్టెలో ఆ జానెడు ముక్క దొరికింది. ఉతకనిది. బూజుతో, బురదతో, అదే కంపుతో ఉంది. భట్టికి వేసిన మూరెడు ముక్కలో మిగిలింది కూడా తీశాను. రెంటికీ చివర్లలో తాడు కట్టి పెరటి దూలానికి వేలాడదీశాను.

మురికి ముక్కకు తగిలించిన తాడు పట్టుకుని కాళ్లు పైకెత్తాను. ఊగాను. చెక్కుచెదరలేదు. చంద్రభాగ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఏం పుట్టింది నీకు, ఉరి పోసుకుంటున్నవా ఏంది!" అని నా నడుము పట్టుకుంది. ఆమె బరువు కూడా తోడైంది. అప్పుడూ తెగలేదు.

ఉతికిన ముక్కకు మారాను. కాళ్లు పూర్తిగా ఎత్తక ముందే నేల మీద కూర్చుని ఉన్నాను.

చంద్రభాగ నన్ను లేవదీసి దుమ్ము దులిపింది. "నేనప్పుడే అన్న," అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి, కాస్త తేలికగా ఉండేది.

మురికిలో బలం ఉంది. నేను దాన్నే ఉడకబెట్టి తీసేశాను.

నవంబరు 30

విద్యావతి బాయి కళ్లద్దాలు సర్దుకుని ఆ గుడ్డముక్క చదివింది. మొదట ఇంగ్లీషులో, తర్వాత నా కోసం.

"సబ్బు నీళ్లతోని మాత్రమే కడగాలె అని ఉన్నది కాశీరాం భావు. బ్లీచింగు వెయ్యద్దు, రంగు అద్దద్దు, బలం పోతది అని ఉన్నది. ఇది దేనిది?"

"పాత సామాను బాయీ," అన్నాను.

డిసెంబరు 1

బస్సుల సంఘం మనిషి వచ్చాడు. జనవరి నుంచి పని మొదలుపెట్టమన్నాడు. సరేనన్నాను. పటేలు నా గురించి ఏమేం చెప్పాడో అన్నీ వినిపించాడు. తల వంచుకుని విన్నాను. వినయం అనుకున్నాడు.

డిసెంబరు 4

దారి దొరికింది. మంచాలకు అల్లే నవారు కొత్తది, మందంది తెచ్చాను. మూడు పొరలు వేసి నైలాన్ దారంతో కుట్టాను. రంగు కూడా కాఫీదే దొరికింది. బెల్టుకు మెరుగు పెట్టాలని చెప్పి కారు తెప్పించుకుని, పాతది విప్పి ఇది బిగిస్తే సరి. ఎవరికీ ఏమీ తెలియదు. అవ్వ క్షేమం, నా పేరూ క్షేమం.

డిసెంబరు 5

నవారు పట్టీ ముందు పెట్టుకుని పగలంతా కూర్చున్నాను. ఇది ఆగుతుందని ఎవరు చెప్పారు? నేనే. బెల్టులు కొత్తవాటిలా ఉన్నాయని చెప్పిందెవరు? నేనే. మంచం మీద మనిషిని మోసే నవారు, ఘాటు మలుపులో బ్రేకు వేస్తే మనిషిని ఆపుతుందా? నాకు తెలియదు. తెలియని పట్టీకి మళ్లీ ఆమెను కట్టబోతున్నాను, అదీ చెప్పకుండా.

రేపు పోతాను. రాసుకున్నాను కాబట్టి పోవాలి.

డిసెంబరు 6

పోయాను.

కారు వాకిట్లో ఉంది. మారోతి తుడుస్తున్నాడు. వసారాలో అవ్వ. పటేలు కొబ్బరికాయలు సంచిలో సర్దుతున్నాడు. నేను నోరు తెరిస్తే మళ్లీ ఏ వెనక సీటు సంగతో ఎత్తుతానని నాకు తెలుసు. అందుకే మాట్లాడలేదు. తలుపు తీసి ముందు సీట్లో కూర్చుని, బెల్టు తగిలించుకుని, ఎదుటి పలకను రెండు చేతులతో పట్టుకుని ముందుకు ఒక్క ఊపు ఊగాను. ఆగింది. ఒక్క క్షణం "ఆగింది" అని ప్రాణం లేచివచ్చింది. రెండో ఊపుకు నా రెండు వరుసల కుట్టు పక్కనే పర్రుమని చినిగిపోయింది.

పటేలు చేతిలో కొబ్బరికాయ అట్లాగే ఉంది.

"ఏంది గిది?"

చెప్పాను. భట్టి, బ్లీచింగు, సైకిలు, దూలం, గుడ్డముక్క. అన్నీ. ఆయన మధ్యలో ఒక్కటే అడిగాడు.

"నీకు ఎన్నడు ఎర్కైంది?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. బెల్టు పాడుచేసినందుకు తిట్లు తినడానికే సిద్ధపడి పోయాను.

"ఇరువై రెండు దినాలాయె పటేల్ సాబ్."

"ఇరువై రెండు దినాలు! నా తల్లిని దీనికి కట్టి వారానికి రెండుసార్లు దావఖానకు తిప్పిన. నీ ఇంటి మీదికెల్లే పోయిన. నువ్వు సూసుకుంట కూసున్నవ్!" కొబ్బరికాయ నా మీదికి విసురుతాడనుకున్నాను. నేలకేసి కొట్టాడు. "మాహూరు లేదు ఏం లేదు. బస్సుల పని గూడ మరిచిపో. నడువ్ ఈడికెల్లి!"

నడవబోయాను. అవ్వ పిలిచింది. దగ్గరికి పోతే మంచి చేత్తో నా చెంప మీద కొట్టింది. బలం లేని చెయ్యి, దెబ్బ తగల్లేదు. తగిలినా బాగుండేది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. నేనూ ఏడ్చాను, వాకిట్లో, మారోతి ముందు.

"నాకు చెప్పద్దా?" అంది. "నాకు గూడ చెప్పద్దా కాశీ?"

ఏం చెయ్యాలో తెలియక భుజం మీది సంచిలోంచి నవారు పట్టీ తీసి ఆమె ఒళ్లో పెట్టాను. పటేలు లాక్కుని చూశాడు.

"గిది ఆగుతదా?"

"ఎర్కలేదు పటేల్ సాబ్."

నా నోటి నుంచి ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

అవ్వ మంచి చెయ్యి చాచి పట్టీని మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తర్వాత కొడుకుతో అంది: "పొద్దుగాల పోవుడే. నేను ముందే కూసుంట. గీ పట్టీ నా సుట్టు ఏసి కొసలు ఎనుకకు తియ్యిన్రి. కాశీగాడు ఎనుక కూసొని పట్టుకుంటడు. తెగితె ముందుగాల వానికే ఎర్కైతది."

డిసెంబరు 8

నిన్న రాయలేకపోయాను. ఈరోజు కూడా కలం రెండు వేళ్ల మధ్య ఇరికించి రాస్తున్నాను. అక్షరాలు చిన్నపిల్లల అక్షరాల్లా ఉన్నాయి.

తెల్లవారగానే బయలుదేరాం. నవారు అవ్వ ఛాతీ మీదుగా చుట్టి, సీటు వెనక్కి తీసి, కొసలు నా రెండు పిడికిళ్లకూ రెండు చుట్లు చుట్టుకున్నాను. పటేలు నా పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నాందేడ్ నుంచి మాహూరు దాకా నాతో ఒక్క మాట లేదు. భోకర్ దాటాక చేతులు తిమ్మిరెక్కాయి. హిమాయత్‌నగర్‌లో చాయ్‌కి ఆగితే మారోతి "జరసేపు ఇడువు కాకా" అన్నాడు. వదిలితే మళ్లీ అంత గట్టిగా పట్టుకోలేనేమోనని వదల్లేదు. నా చాయ్ అతనే నాకు తాగించాడు.

కిన్వట్ అడవి దాటి ఘాటులో రెండో మలుపు తిరగగానే ఎదురుగా బర్రెల మంద. మారోతి బ్రేకు మీద నిలబడ్డాడు. కొబ్బరికాయల సంచి ముందుకు దొర్లింది. అవ్వ బరువంతా ఒక్కసారి నా భుజాల్లోకి వచ్చింది. గుప్పెడు అనుకున్నానే, కాదు. పళ్లు బిగబట్టి వెనక్కి ఒరిగాను. నవారు కుట్టు ఒకటి టక్కుమంది, అది నా అరచేతికి తెలిసింది. మిగతా కుట్లు ఆగాయి. నేనూ ఆగాను.

బర్రెలు తీరికగా పోయాయి. అవ్వ తల తిప్పలేదు, అటు తిరగదు ఆమెకు.

"ఉన్నవా కాశీ?" అంది.

"ఉన్న అవ్వా."

"గుట్ట కనవడుతున్నది."

నాకు కనబడలేదు. నాకు సీటు వెనక రెక్సిన్, అందులో నేనే వేసిన కుట్టు కనబడుతున్నాయి. ఆమె చెబుతూ పోయింది: ఎండ ఎట్లా పడింది, గుడి జెండా ఎటు ఎగురుతోంది, కోతులు ఎన్ని. ఆ ముద్దమాటలు నేను విన్నాను, పక్కన పటేలు కూడా విన్నాడు. మెట్ల దగ్గర మనుషులు ఆమెను కుర్చీలో మోసుకుపోయారు. నేను కిందే చెట్టు కింద కూర్చుని చేతులు నేలకు ఆనించుకున్నాను. దర్శనానికి పోవాలనిపించలేదు. దేవికి ఏం చెప్పాలో తోచలేదు.

తిరుగుదారిలోనూ అట్లాగే పట్టుకున్నాను. భోకర్ వచ్చేసరికి అవ్వ నిద్రపోయింది. తల ఒకవైపు వాలింది, పట్టీ ఆమె ఊపిరితో పాటు నా చేతుల్లో కొద్దిగా బిగుస్తూ, కొద్దిగా వదులవుతూ ఉంది.

నాందేడ్‌లో కారు ఆగాక మారోతి "ఇల్లచ్చింది కాకా, ఇడువు" అన్నాడు. వదలాలనే అనుకున్నాను. వేళ్లు తెరుచుకోలేదు. పటేలు అటు దిగబోయినవాడు ఆగి, నా వైపు తిరిగి, నా పిడికిలి తన ఒళ్లోకి తీసుకున్నాడు. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నాడు. ఒక్కో వేలూ మెల్లగా, అమ్మ లేవకుండా, విప్పాడు. పది వేళ్లూ విప్పేదాకా అవ్వ నిద్ర లేవలేదు.